మువ్వలు మోగించే తిత్తులు: ఒక పాత థియేటర్ ఆర్గన్ రిపేరు డైరీ

నవంబర్ 2

ఇవాళ్టి నుంచి స్లే బెల్స్ (మంచులో జారే బండ్ల గుర్రాలకు కట్టే మువ్వలు) పని నాది. రెండేళ్ళుగా శనివారాలు ఈ థియేటర్‌కి వాలంటీర్‌గా వస్తున్నా, ఇప్పటిదాకా నాకు దక్కినవి దుమ్ము తుడవడం, వైర్లకు సోల్డరింగ్, నిచ్చెన పట్టుకోవడం. మా టీం పెద్దాయన పొద్దున్నే బేస్‌మెంట్ నుంచి ఒక చెక్కపెట్టె తెప్పించి నా ముందు పెట్టాడు. పెట్టె కదిలినప్పుడల్లా లోపల ఘల్లుమంటోంది. మూత తీశాను. మువ్వలు! అచ్చం మా ఎద్దుల మెడలో ఉండేలాంటి ఇత్తడి మువ్వలు, సైజుల వారీగా, పట్టీలకు బిగించి ఉన్నాయి.

ఈ డైరీ చదివే మనవాళ్ళకు థియేటర్ ఆర్గన్ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. మూగ సినిమాల రోజుల్లో మన దగ్గర తెర పక్కన హార్మోనియం, తబలా ఉండేవి. అమెరికాలో పెద్ద హాళ్ళలో ఏకంగా ఆర్కెస్ట్రానే కూర్చోబెట్టేవాళ్ళు. ఆ జీతాల ఖర్చు తప్పించుకోవడానికి, ఒక్క మనిషి ఆర్కెస్ట్రా మొత్తం వాయించేలా తయారుచేసిన యంత్రం ఇది. పిల్లనగ్రోవి, క్లారినెట్, వయొలిన్ లాంటి గొంతులన్నీ గాలి ఊదే పైపుల నుంచి వస్తాయి. డ్రమ్ములు, గంటలు, తాళాలు మాత్రం నకలు కాదు. గోడ వెనక చాంబర్‌లో నిజమైన డ్రమ్ము ఉంటుంది, దాన్ని నిజమైన పుల్ల కొడుతుంది. కింద కన్సోల్ (మీటలన్నీ ఉండే బల్ల) దగ్గర కూర్చున్నాయన మీట నొక్కితే, రెండంతస్తుల పైన, ఎవరికీ కనపడని చీకట్లో ఆ పుల్ల లేస్తుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ కీబోర్డులో బటన్ నొక్కితే వచ్చే డ్రమ్ము చప్పుడుకూ దీనికీ పోలికే లేదు.

డ్రమ్ములు, టాంబొరిన్, కాస్టనెట్స్ చాలా ఆర్గన్లలో మిగిలే ఉన్నాయి. జైలోఫోన్, గ్లాకెన్‌స్పీల్, పొడవాటి గొట్టాల చైమ్స్ కూడా అంత అరుదేమీ కాదు. 49 లోహపు పట్టీలతో మెత్తగా మోగే క్రిసోగ్లాట్ ఒకటుంది, ఆ పేరుకు గ్రీకులో బంగారు నాలుక అని అర్థం. స్వరాలు కట్టిన స్లే బెల్స్ మాత్రం ఎక్కడో గానీ కనపడవు. టాకీలు వచ్చాక థియేటర్లు ఆర్గన్లను అమ్మేస్తుంటే కొన్నిటిని చర్చిలు కొన్నాయి. చర్చికి పైపులు కావాలి గానీ గుర్రపు డెక్కల చప్పుడు, పోలీసు సైరన్, మువ్వలు దేనికి? వాటిని ఊడదీసి పక్కన పడేశారు. మా పెట్టె కూడా అలా ఎక్కడో విడిపోయిందే. మా ఆర్గనే మూడు చోట్ల నుంచి తెచ్చి కలిపినది, ఇందులో ఏది ఎవరి పిల్లో తేల్చడం కష్టం.

లెక్కపెట్టాను. ఇరవై ఐదు స్వరాలు, అంటే రెండు స్థాయిలు, పైన ఇంకొకటి. మా సెట్‌లో ఒక్కో స్వరానికి నాలుగు మువ్వలు. నూరు ఉండాలి, తొంభై ఏడే ఉన్నాయి. మూడు పట్టీల మీద ఒక్కొక్క మువ్వ చొప్పున తగ్గింది.

డిసెంబర్‌లో క్రిస్మస్ షో. ఆ లోపు మోగాలట. సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

నవంబర్ 9

మువ్వలకు ఏమీ కాలేదు. పసుపు మెరుపు పోయి నల్లబడ్డాయంతే. పాడైంది వాటిని ఊపే తిత్తులు.

తిత్తి అనే మాట నేను కావాలనే వాడుతున్నా. ఇక్కడివాళ్ళు న్యూమాటిక్ అంటారు గానీ, మొదటిసారి చూడగానే నాకు గుర్తొచ్చింది మా ఊరి కమ్మరి కొలిమి తిత్తి. రెండు పలకలు, ఒక చివర మడతబందు, మిగతా మూడు వైపులా మెత్తటి తోలు చుట్టి అతికించి ఉంటుంది. కొలిమి తిత్తి మనిషంత ఉంటే ఇది నా అరచేయంత. అక్కడ మనిషి తిత్తిని నొక్కి గాలి పుట్టిస్తాడు, ఇక్కడ గాలే తిత్తిని కదిలిస్తుంది. పని తలకిందులు, వస్తువు మాత్రం ఒకటే.

మీట నొక్కగానే కరెంటు వెళ్ళి ఒక చిన్న అయస్కాంతాన్ని తాకుతుంది. 12 నుంచి 15 వోల్టులు, బండి బ్యాటరీ అంతే. ఆ అయస్కాంతం చొక్కా గుండీ కన్నా చిన్నదైన ఇనుప బిళ్ళను లేపుతుంది. బిళ్ళ లేస్తే సన్నటి రంధ్రంలోంచి కొద్దిగా గాలి తప్పించుకుంటుంది. ఆ కొద్ది గాలి పోయినందుకు చిన్న తిత్తి ముడుచుకుని ఒక వాల్వును లాగుతుంది, ఆ వాల్వు పెద్ద తిత్తిలోని గాలిని బయటికి వదిలేస్తుంది. చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి పెద్ద తిత్తి టక్కున ముడుచుకుంటుంది, దానికి కట్టిన కడ్డీ మువ్వల పట్టీని ఊపుతుంది. ఇదంతా కంటి రెప్ప వేసే లోపు జరిగిపోతుంది.

స్లే బెల్స్‌కి ఇంకో మెలిక ఉంది. ఒక్కసారి ఊపితే చాలదు, మీట నొక్కి ఉంచినంతసేపూ ఘల్లు ఘల్లుమంటూనే ఉండాలి. అందుకని తిత్తి పూర్తిగా ముడుచుకోగానే తన వాల్వును తానే మూసేస్తుంది, మళ్ళీ గాలి నిండి తెరుచుకుంటుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. మన ఇళ్ళల్లో పాత కాలింగ్ బెల్ కొట్టుకునేది ఈ పద్ధతిలోనే, కాకపోతే అక్కడ కరెంటు చేసే పని ఇక్కడ గాలి చేస్తుంది.

మొదటి తిత్తిని తెరవబోతే తోలు చేతిలోనే పొడైపోయింది. ఎర్రటి పొడి, ఇటుక రజనులా ఉంది. చెట్ల బెరడుతో పదునుచేసిన తోలు, బొగ్గు పొగ పట్టిన గాలిలో ఏళ్ళ తరబడి ఉంటే ఇలా అయిపోతుంది. చొక్కా, ముక్కు, గోళ్ళు అన్నీ ఎర్రగా తయారయ్యాయి. ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది.

నవంబర్ 16

ఇవాళ బాగా కోపం వచ్చిన రోజు.

ఇరవై ఐదు తిత్తుల్లో తొమ్మిదింటిని ఎప్పుడో ఎవరో ఒకసారి బాగుచేశారు. తోలు బాగానే ఉంది. అతికించింది మాత్రం బజార్లో దొరికే తెల్ల జిగురుతో. చెక్కలోకి ఇంకిపోయి రాయిలా గట్టిపడింది. ఉలితో గీకుతుంటే జిగురుకు బదులు పలకే చెక్కలు చెక్కలుగా లేచిపోతోంది. మూడు గంటల్లో రెండు తిత్తులు శుభ్రమయ్యాయి. మిగతా పదహారింటికి వాడింది అసలు పాత జిగురు, పశువుల చర్మం ఉడకబెట్టి తీసేది, మన పాతకాలం వడ్రంగులు సరేసు అనేది. వేడి నీళ్ళలో తడిపిన గుడ్డ ఐదు నిమిషాలు వేసి ఉంచితే చాలు, బంకలా మెత్తబడి తనంతట తనే ఊడింది. తొంభై ఏళ్ళ నాటి అతుకు అది!

ఎవరు చేశారో తెలియదు, మంచి మనసుతోనే చేసి ఉంటారు. కానీ ఆర్గన్ రిపేరులో నేను నేర్చుకున్నది, మనం అతికించేది మన తర్వాతివాడు ఊడదీయగలిగేలా ఉండాలని. తోలు ఎలాగూ మళ్ళీ పోతుంది. అప్పుడు ఈ పలక ముందు ఇంకొకడు కూర్చుంటాడు.

సరేసు కాచే కుండ వేడెక్కేదాకా పెద్దాయన కబుర్లు. ఆయన జీవితమంతా టెలిఫోన్ లైన్లు బాగుచేసి రిటైరైన మనిషి. అందుకే రాబర్ట్ హోప్-జోన్స్ పేరెత్తితే చాలు, ఛాతీ కాస్త ముందుకొస్తుంది. హోప్-జోన్స్ ఇంగ్లండ్‌లో టెలిఫోన్ కంపెనీలో ఎలక్ట్రీషియన్. మీటకూ పైపుకూ మధ్య కర్రలు, కడ్డీలు తీసేసి టెలిఫోన్‌లా వైరు పెట్టేస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు. దాంతో కన్సోల్‌ని ఎక్కడైనా పెట్టుకోవచ్చు, ఒకే పైపుల వరుసను పది చోట్ల నుంచి వాయించొచ్చు. 1903లో అమెరికా వచ్చాడు, సొంత కంపెనీ పెట్టాడు, అది నిలబడలేదు. 1910లో వుర్లిట్జర్ కంపెనీ ఆయన్నీ ఆయన ఆలోచనల్నీ కలిపి తీసుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలో నార్త్ టొనావాండా అనే ఊళ్ళో వాళ్ళ ఫ్యాక్టరీ. అక్కడి నుంచి రెండు వేలకు పైగా థియేటర్ ఆర్గన్లు వెళ్ళాయి. ఆయన మాత్రం ఆ వైభవం చూడలేదు, 1914లో ఆత్మహత్య చేసుకున్నాడు.

ఈ మాట చెప్పి పెద్దాయన కుండలో థర్మామీటర్ పెట్టి చూశాడు. అరవై డిగ్రీలు. అంతకు మించి బాగా కాగితే సరేసు బలం పోతుంది. “రా, తోలు తీసుకో” అన్నాడు.

డిసెంబర్ 1

థాంక్స్‌గివింగ్ సెలవులు. నాలుగు రోజులూ థియేటర్‌లోనే.

తోలు కోయడం దర్జీ పనికన్నా కష్టం. మందం సమానంగా ఉండాలి, మడత పడే చోట బిరుసు ఉండకూడదు. నేను మొదట చేసిన ఆరు తిత్తులూ చూడ్డానికి భలే ఉన్నాయి, ముడవమంటే ముడవవు. తోలు బాగా బిగించి చుట్టాను. పెద్దాయన ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య నొక్కి, వదిలి, ఏమీ అనకుండా నాకు తిరిగిచ్చాడు. అంతే. ఆరూ మళ్ళీ ఊడదీశాను. సరేసు కాబట్టి పావుగంటలో అయిపోయింది.

పరీక్ష చాలా సులువు. తిత్తిని నొక్కి గాలంతా తీసేసి రంధ్రాన్ని బొటనవేలితో మూసి వదలాలి. బాగుంటే ముడుచుకునే ఉంటుంది, వేలిని చిన్నగా లోపలికి లాక్కుంటుంది కూడా. ఎక్కడైనా లీకైతే నెమ్మదిగా తెరుచుకుంటుంది. ఆదివారం రాత్రికి పదకొండు తిత్తులు వేలు లాక్కున్నాయి.

ఈ మధ్యలో ఒక గొడవ. టీంలో ఇంజినీరు కుర్రాడు ఒకడున్నాడు, నాకంటే తెలివైనవాడు. “తిత్తులెందుకు, ఒక్కో పట్టీకి ఒక సోలనాయిడ్, అదే కరెంటు రాగానే కడ్డీని కదిలించే తీగచుట్ట, పెట్టేద్దాం, రెండు వారాల్లో అయిపోతుంది” అన్నాడు. తప్పేమీ లేదు, చాలా చోట్ల అలానే చేస్తున్నారు. కానీ సోలనాయిడ్ ప్రతిసారీ ఒకేలా కొడుతుంది. తిత్తి మొదటి ఊపు కాస్త మెత్తగా మొదలుపెట్టి తర్వాత వేగం అందుకుంటుంది. మువ్వల బండి దూరం నుంచి వస్తున్నట్టు వినపడేది ఆ మొదటి మెత్తదనం వల్లే. నేను తిత్తుల పక్షాన మాట్లాడా. చేసేది నేనే కాబట్టి నా మాటే నెగ్గింది. డిసెంబర్ షోకి అందదని కూడా అప్పుడే అందరికీ అర్థమైంది.

డిసెంబర్ 7

స్లే బెల్స్ పక్కన పెట్టి పిట్ట కూత బాగుచేశాం, షోలో అదైనా ఉండాలిగా. ఇది పిల్లలాట. మన తిరునాళ్ళలో నీళ్ళు పోసి ఊదే ప్లాస్టిక్ పిట్ట ఈల గుర్తుందా? అదే. చిన్న లోహపు ఈలను తలకిందులుగా గిన్నెలోకి దింపి ఉంచారు, గాలి రాగానే ద్రవం ఎగిరెగిరి పడి కిచకిచమంటుంది. ఎండిపోయి ఉంది, అంతే. నీళ్ళు పోస్తే మళ్ళీ ఆవిరైపోతాయని గ్లిజరిన్ కలిపి పోశాం. పది నిమిషాల పని, షోలో అన్నిటికన్నా ఎక్కువ చప్పట్లు దానికే.

జనవరి 4

తిత్తులు ఇరవై ఐదూ పూర్తయ్యాయి.

ఇవాళ పట్టీలను వరుసలో పెట్టే పని. ఎవరో ఎప్పుడో విప్పి ఇష్టమొచ్చినట్టు సర్దారు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి మువ్వ ఊపితే ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగుతోంది. మువ్వలో గుండు ఎక్కడ తగిలితే అక్కడి గొంతు పలుకుతుంది కదా, యాప్‌కి ఏం అర్థమవుతుంది? మా టీంలో ఒకావిడ స్కూల్ బ్యాండు టీచర్‌గా రిటైరయ్యారు. ఆవిడ యాప్ కట్టేయమని చెప్పి, చాంబర్‌లోని జైలోఫోన్ పట్టీని వేలితో తట్టి, కళ్ళు మూసుకుని మువ్వల్ని ఒక్కొక్కటీ ఊపించారు. “ఇది కాదు. ఇది కాదు. ఆఁ, ఇదే.” రెండు గంటల్లో ఇరవై ఐదూ వరుసలోకి వచ్చాయి. పట్టీల చివర తాకిడికి చప్పుడు రాకుండా తోలు ముక్కలు అతికించడం నా వంతు. సరేసు, బ్రష్షు, చలి. త్వరత్వరగా కానిచ్చాను.

జనవరి 11

బిగించాం.

ముందు గాలి ఒత్తిడి చూడాలి. తాపీ మేస్త్రీలు లెవెల్ చూసుకునే పారదర్శకమైన నీళ్ళ ట్యూబు ఉంటుంది చూడండి, దాన్నే ఇంగ్లీషు యూ ఆకారంలో వంచి ఒక కొసను గాలిపెట్టెకు తగిలిస్తారు. రెండు వైపులా నీటి మట్టంలో తేడా ఎన్ని అంగుళాలుంటే ఒత్తిడి అంత. మాకు పది అంగుళాలు రావాలి. వినడానికి పెద్దదిగా ఉంది గానీ, కారు టైరులో గాలితో పోలిస్తే దాదాపు తొంభయ్యో వంతు. అంత పలచటి గాలి డ్రమ్ము కర్రను లేపుతుందని ఇప్పటికీ నాకు పూర్తిగా నమ్మకం కుదరదు.

బ్లోయర్ ఆన్ చేయగానే నేలమాళిగ నుంచి సన్నటి గుర్రు వినిపించింది, ట్యూబులో నీళ్ళు నెమ్మదిగా పైకి లేచాయి. తొమ్మిదిన్నర. స్ప్రింగు బిగించాక పది. కింద బ్యాండు టీచరు మీట నొక్కారు.

రాసి చెప్పలేను గానీ ప్రయత్నిస్తా. చీకట్లో, నా మొహానికి జానెడు దూరంలో, నేను కోసి అతికించిన తోలు ముడుచుకుంది. పట్టీ ఒక్కసారి వణికింది. ఘల్. తర్వాత ఘల్లు ఘల్లు ఘల్లు. ఎదురుగా ఉన్న షట్టర్లు తెరుచుకుంటూ ఉంటే ఆ చప్పుడు హాల్లోకి జారిపోతోంది. కింద ఎవరో నవ్వారు.

ఇరవై ఐదూ ఒక్కొక్కటిగా నొక్కించి ఫోన్‌లో రికార్డు చేశా. కొన్ని తొందరగా ఊగుతున్నాయి, వాల్వు మరలు తిప్పి సరిచేశాం. ఒకటి, కింది నుంచి పద్నాలుగోది, కాస్త పీలగా ఉంది. అది మూడు మువ్వల పట్టీ కాబట్టి అంతేలే అనుకున్నాం.

రాత్రి రికార్డింగ్ నాన్నకి పంపాను. అక్కడ తెల్లారింది, భోగికి ముందు రోజు. అద్దంకి దగ్గర మా ఊళ్ళో నాన్న నలభై ఏళ్ళు ఎద్దులతో సేద్యం చేశాడు. ఇప్పుడు ఎద్దులూ లేవు, బండీ లేదు. పది నిమిషాల్లో ఫోన్.

“ఏరా, ఇవి ఎవరి ఎద్దులు?”

“ఎద్దులు కాదు నాన్నా, మిషను.”

“మిషనైతే మాత్రం? మధ్యలో ఒకటి బొంగురుపోయింది, చూసుకోలేదా?”

“దానికొక మువ్వ తక్కువ నాన్నా, అందుకే చిన్నగా మోగుతోంది.”

“చిన్నగా మోగడం వేరు, బొంగురు వేరు. దాని నోట్లో ఏదో ఉంది. మట్టి గానీ, గడ్డిపోచ గానీ. పుల్ల పెట్టి తీయి.”

మట్టి ఎక్కడిది నాన్నా, ఇక్కడ గోడ వెనక గదిలో, అన్నాను. “చూడరా ముందు” అని పెట్టేశాడు.

జనవరి 18

మట్టి లేదు. గడ్డిపోచ లేదు.

పద్నాలుగో పట్టీ విప్పి, మువ్వ నోట్లోకి ఫోన్ లైటు వేసి చూశా. లోపలి గోడకు తుమ్మబంకలా ఒక చుక్క మెరుస్తోంది. గుండు దొర్లి దొర్లి ఆ చుక్క మీదే పడుతోంది, ఇత్తడికి తగలాల్సినది మెత్తటి దాని మీద తగిలి దబ్బుమంటోంది. జిగురు. ఎవరిదో పాత తెల్ల జిగురు అనుకున్నా, పెద్దాయన భుజం మీంచి తొంగి చూసి “రంగు చూడు” అన్నాడు. తేనె రంగు. నాదే. రెండు వారాల కిందట తోలు ముక్కలు అతికించేటప్పుడు బ్రష్షు నుంచి జారింది. నవంబర్‌లో అంత కోపం తెచ్చుకున్న మనిషిని కదా, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సరేసు కావడం నా అదృష్టం. సిరంజితో గోరువెచ్చటి నీళ్ళు మువ్వలోకి ఎక్కించి పది నిమిషాలు ఆగి ఊపాను. మొదట ఏమీ లేదు. ఇంకోసారి ఎక్కించాక గుండు జారి ఖణేల్‌మంది, నోట్లోంచి పచ్చటి నీళ్ళు కారాయి. లోపలి గుండు ఇనుపది, తడి ఉంటే తుప్పు పట్టేస్తుందని పెద్దాయన హెయిర్ డ్రయ్యర్ పెట్టించి అరగంట కదలనివ్వలేదు.

మళ్ళీ రికార్డు చేసి నాన్నకి పంపా. “ఇప్పుడు గొంతు విప్పింది” అన్నాడు. తర్వాత, “ఆ మూడు మువ్వలు ఎందుకు తక్కువ?” అని అడిగాడు. పోయాయి నాన్నా, ఇక్కడ దొరకవు, ఒక్కోటి ఒక్కో స్వరంలో ఉండాలి అని చెప్పా.

“శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి ఎలాగూ పోతాం. ఏ గొంతు కావాలో వినిపించు, ఊపి చూసి తెస్తా.”

బ్యాండు టీచరుకు ఈ సంగతి చెప్తే ఆవిడ అప్పటికప్పుడు కన్సోల్ దగ్గర కూర్చుని మూడు స్వరాలూ విడివిడిగా, నిదానంగా వాయించారు. ఫోన్‌లో మూడు ఫైళ్ళుగా రికార్డు చేసి, ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టి ఇందాకే నాన్నకి పంపాను.